యార్క్‌టౌన్‌లో ఓడినవాడు మన దాకా ఎలా వచ్చాడు?

క్లుప్తంగా చెప్పాలంటే: 1781 అక్టోబర్ 19న వర్జీనియాలోని యార్క్‌టౌన్ అనే చిన్న రేవు ఊళ్ళో బ్రిటిష్ సేనాని కారన్‌వాలిస్ సైన్యం, ఏడు వేలమందికి పైగా, ఆయుధాలు కింద పెట్టేసింది. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం ఎటు తేలబోతోందో అక్కడే తెలిసిపోయింది. ఆ ముట్టడిలో కత్తుల కన్నా తేదీలు, గాలివాటం, అప్పు తెచ్చిన వెండి ఎక్కువ పని చేశాయి. గెలిపించిన వాళ్ళలో కొందరు తర్వాత జైలుకెళ్ళారు, కొందరి తలలు తెగాయి, కొందరు మళ్ళీ బానిసలుగానే మిగిలారు. ఓడిన కారన్‌వాలిస్ మాత్రం ఐదేళ్ళు తిరక్కముందే గవర్నర్ జనరల్‌గా కలకత్తాలో దిగాడు. అక్కణ్ణించి ఆయన చేసిన పనుల జాడ కడప మీదుగా ఉత్తర సర్కారుల దాకా కనిపిస్తుంది.

1776, 1781, 1783: ఇంతకీ ఏది అసలు తేదీ?

2026 జులై 4తో అమెరికా స్వాతంత్ర్య ప్రకటనకి 250 ఏళ్ళు. వర్జీనియా, మేరీలాండ్ వైపు ఉండే తెలుగు కుటుంబాలు పిల్లల్ని తీసుకుని విలియమ్స్‌బర్గ్, జేమ్స్‌టౌన్, యార్క్‌టౌన్ చుట్టి వస్తుంటారు. యార్క్‌టౌన్ దగ్గర ఎవరికైనా వచ్చే డౌటే: స్వాతంత్ర్యం 1776లో వచ్చిందంటారు, యుద్ధం 1781లో ఇక్కడ ముగిసిందంటారు, పుస్తకంలో చూస్తే సంధి 1783 అని ఉంటుంది. మూడూ నిజమే, మూడూ వేరువేరు సంగతులు. 1776లో జరిగింది ప్రకటన మాత్రమే, అంటే మేం ఇక మీ కింద లేం అని రాసి చదవడం. దాన్ని బ్రిటన్ ఒప్పుకున్నది 1783 సెప్టెంబర్ 3న పారిస్ సంధిలో. ఈ రెంటికీ మధ్య, ఇక యుద్ధం చేసి లాభం లేదని లండన్‌కి అర్థమైన రోజు యార్క్‌టౌన్ కబురు అందిన రోజు. ఆ తర్వాత కూడా న్యూయార్క్ బ్రిటిష్ వాళ్ళ చేతిలోనే ఉంది, 1783 నవంబర్ 25 దాకా వాళ్ళు అక్కణ్ణించి కదల్లేదు. చార్ల్‌స్టన్‌ని 1782 డిసెంబర్‌లో ఖాళీ చేశారు. కాబట్టి యార్క్‌టౌన్‌తో తుపాకులు ఆగిపోలేదు, పార్లమెంటుకి ఓపిక అయిపోయింది. 1782 మార్చిలో ప్రధాని లార్డ్ నార్త్ గద్దె దిగాడు.

తలుపు మూసింది సముద్రం వైపు నుంచి

కారన్‌వాలిస్ అసలు ఆ మూలకి ఎందుకు వెళ్ళాడన్నది మొదట తేల్చుకోవాల్సిన విషయం. 1781 మార్చిలో నార్త్ కరోలినాలోని గిల్‌ఫర్డ్ కోర్ట్‌హౌస్ దగ్గర ఆయన గెలిచాడు, కానీ ఆ గెలుపులో తన సైన్యంలో పావు వంతు పోగొట్టుకున్నాడు. అలాంటి గెలుపులు ఇంకో రెండు వస్తే సైన్యమే మిగలదు. అక్కణ్ణించి ఉత్తరాన వర్జీనియాకి వెళ్ళాడు. ఆయన పైఅధికారి హెన్రీ క్లింటన్ న్యూయార్క్‌లో ఉన్నాడు. ఇద్దరికీ పడదు, ఉత్తరాలు వారాల తరబడి ఆలస్యంగా అందుతాయి, ఒక ఉత్తరంలోని ఆర్డర్‌ని మరో ఉత్తరం కొట్టేస్తుంది, వీళ్ళిద్దరికీ పైన లండన్‌లో మంత్రి జెర్మేన్ మరో మాట చెబుతుంటాడు. చివరికి తేలిందేంటంటే, పెద్ద ఓడలు నిలిచే లోతైన రేవు ఒకటి చూసుకుని దాని చుట్టూ బలంగా కట్టుకోమని. యార్క్ నది ఒడ్డున యార్క్‌టౌన్, ఎదురు ఒడ్డున గ్లోస్టర్, మధ్యలో లోతైన నీళ్ళు. రేవుగా చూస్తే బ్రహ్మాండమైన చోటు.

కాకపోతే ఒక షరతు మీద. సముద్రం బ్రిటిష్ నౌకాదళం చేతిలో ఉన్నంతవరకే అది రేవు. చేజారిన మరుక్షణం ఎలుకల బోను.

అటువైపు అమెరికన్ సేనాని వాషింగ్టన్ మనసంతా న్యూయార్క్ మీద ఉంది. ఫ్రెంచ్ సేనాని రోషాంబోకి ఆ ఆలోచన నచ్చలేదు, యార్క్ నది కలిసే చెసపీక్ అఖాతమే మేలని ఆయన లెక్క. వెస్టిండీస్‌లో ఉన్న ఫ్రెంచ్ నౌకాదళాధిపతి ద గ్రాస్ తాను చెసపీక్‌కే వస్తున్నానని, అక్టోబర్ మధ్య దాకా మాత్రమే ఉండగలనని రాసిన కబురు ఆగస్టు 14న వాషింగ్టన్‌కి అందింది. ఇక ఆలోచించడానికి ఏం లేదు. హడ్సన్ నది ఒడ్డు నుంచి వర్జీనియాకి సుమారు ఏడు వందల కిలోమీటర్లు, చేతిలో ఉన్నది రెండు నెలలు. క్లింటన్‌ని మభ్యపెట్టడానికి న్యూజెర్సీలోని చాథమ్‌లో పెద్ద పెద్ద రొట్టెల పొయ్యిలు కట్టించారు, అంటే సైన్యం ఇక్కడే తిష్ట వేసి న్యూయార్క్ మీద పడబోతోందని చూసేవాళ్ళు అనుకోవాలి. క్లింటన్ అలాగే అనుకున్నాడు, చాలా ఆలస్యమయ్యే దాకా.

డబ్బు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే యుద్ధ కథల్లో దీన్ని దాటేస్తుంటారు. ఆ ఏడాది జనవరిలోనే పెన్సిల్వేనియా సైనికులు జీతాల కోసం తిరగబడ్డారు. దక్షిణానికి నడవమంటే మిగతావాళ్ళూ మొండికేసే పరిస్థితి. రోషాంబో తన పెట్టెలోంచి నాణేలు అప్పిచ్చాడు, అమెరికన్ సైనికులకి ఒక నెల జీతం కాగితాల్లో కాకుండా నాణేల్లో అందింది. ద గ్రాస్ వస్తూ వస్తూ క్యూబాలోని హవానా నుంచి ఐదు లక్షల పెసోల వెండి తెచ్చాడు, అది స్పానిష్ వాళ్ళు సమకూర్చిన సొమ్ము. వెస్టిండీస్ నుంచి మూడు వేలమందికి పైగా ఫ్రెంచ్ సైనికులు కూడా ఆయన ఓడల్లోనే వచ్చారు.

సెప్టెంబర్ 5న చెసపీక్ ముఖద్వారం దగ్గర జరిగిన ఓడల పోరు రెండున్నర గంటలు కూడా సాగలేదు. ద గ్రాస్ దగ్గర 24 యుద్ధనౌకలు, బ్రిటిష్ అడ్మిరల్ గ్రేవ్స్ దగ్గర 19. ఫ్రెంచ్ నావికులు చాలామంది ఒడ్డు మీద పనుల్లో ఉండగానే లంగరు తాళ్ళు కోసేసి హడావుడిగా బయటికొచ్చారు, వరుస కూడా సరిగ్గా కుదరలేదు. ఆ అదును గ్రేవ్స్ వాడుకోలేకపోయాడు. పైగా ఆయన ఓడ మీద ‘వరుసలో ఉండండి’ అనే జెండా, ‘దగ్గరికెళ్ళి కొట్టండి’ అనే జెండా రెండూ ఎగిరేసరికి, వెనక వరుసలో ఉన్న హుడ్ అనే మరో బ్రిటిష్ అడ్మిరల్ ఓడలు దాదాపు పోరులోకే దిగలేదు. ఎవరు గెలిచారంటే చెప్పడం కష్టం. కానీ నాలుగైదు రోజులు సముద్రంలో ఒకరి వెనక ఒకరు తిరిగాక ఫ్రెంచ్ వాళ్ళు అఖాతంలోకి వచ్చి కూర్చున్నారు, ఈలోగా బారా అనే మరో ఫ్రెంచ్ అధికారి ముట్టడి ఫిరంగులతో న్యూపోర్ట్ నుంచి లోపలికి చేరిపోయాడు. గ్రేవ్స్ రిపేర్లకని న్యూయార్క్ వెళ్ళిపోయాడు. అమెరికా పుట్టుకని నిర్ణయించిన ఈ నౌకాయుద్ధంలో ఒక్క అమెరికన్ ఓడ కూడా లేదు.

మట్టి పని

సెప్టెంబర్ 28కి అమెరికన్, ఫ్రెంచ్ సైన్యాలు యార్క్‌టౌన్ చుట్టూ చేరాయి, మొత్తం పదిహేను వేలు దాటి. మరుసటి రాత్రే కారన్‌వాలిస్ తన బయటి మట్టి కట్టల్ని చాలావరకు వదిలేసి లోపలికి తగ్గాడు. పిరికితనం కాదది. ఓడలతో వస్తున్నానని క్లింటన్ ఉత్తరం అందింది, కొద్ది రోజులు నిలబడితే చాలు, మనుషుల్ని దాచుకుందామనుకున్నాడు. ఆ ఉత్తరాన్ని నమ్మడమే ఆయన చేసిన అతి పెద్ద తప్పు. ఓటమికి తప్పెవరిదని తర్వాత ఇద్దరూ కరపత్రాలు అచ్చేసుకుని మరీ పోట్లాడుకున్నారు.

ఆ తర్వాత జరిగింది పూర్తిగా ఇంజినీర్ల పని. అక్టోబర్ 6 రాత్రి కోట గోడలకి సమాంతరంగా మొదటి కందకం తవ్వారు, 9న ఫిరంగులు మోగాయి, 11 రాత్రి అందులో సగం దూరంలో రెండో కందకం మొదలైంది. ఈ పద్ధతి ఫ్రెంచ్ వాళ్ళకి కరతలామలకం, అమెరికన్లకి కొత్త. రెండో కందకం నది దాకా సాగాలంటే రెండు మట్టి బురుజులు అడ్డం, 9, 10 అని వాటి నంబర్లు. అక్టోబర్ 14 రాత్రి తొమ్మిదో దాని మీద ఫ్రెంచ్ వాళ్ళు, పదో దాని మీద అమెరికన్లు పడ్డారు. పదోదాని మీదకి మనుషుల్ని నడిపించింది అలెగ్జాండర్ హామిల్టన్, ఆ అవకాశం తనకే రావాలని పట్టుబట్టి సాధించుకున్నాడు. చప్పుడు కాకూడదని తుపాకుల్లో మందు కూరలేదు, తుపాకీ కొనకి బిగించిన బాయొనెట్ కత్తులతోనే పని. నిమిషాల్లో అయిపోయింది. రోడ్ ఐలాండ్ దళంలోని నల్లజాతి సైనికులు కూడా ఈ పోరులో ఉన్నారు.

16 తెల్లవారుజామున రాబర్ట్ ఆబర్‌క్రాంబీ అనే అధికారి మూడున్నర వందల మందితో బయటికి దూకి కొన్ని ఫిరంగుల్ని పాడుచేశాడు గానీ కొద్ది గంటల్లోనే అవి మళ్ళీ పేలాయి. ఈ పేరు గుర్తుంచుకోవాలి, తర్వాత కావేరి ఒడ్డున కనిపిస్తాడు. ఆ రాత్రి కారన్‌వాలిస్ నది దాటి గ్లోస్టర్ వైపు నుంచి తప్పించుకుందామని పడవలు వేయించాడు, కొంతమంది దాటారు కూడా, నడిరాత్రి గాలివాన వచ్చి పడవల్ని చెల్లాచెదురు చేసింది. మరునాడు పొద్దున కట్ట మీద ఒక కుర్రాడు డ్రమ్ము వాయిస్తూ నిలబడ్డాడు, వెనక ఒక అధికారి తెల్ల రుమాలు ఊపాడు. ఊళ్ళో మశూచి, జ్వరాలు, మందుగుండు లేదు, తిండి లేదు. క్లింటన్ ఓడలు న్యూయార్క్ నుంచి సముద్రంలోకి బయల్దేరింది లొంగుబాటు జరిగిన రోజునే.

ఒక సైగకి ఏడాదిన్నర పాత లెక్క

18న మూర్ అనే ఆయన ఇంట్లో షరతులు మాట్లాడుకున్నారు. అమెరికన్ల తరఫున జాన్ లారెన్స్, ఫ్రెంచ్ వాళ్ళ తరఫున అమెరికన్ సైన్యంలో సేనానిగా ఉన్న ఫ్రెంచ్ ప్రభువు లాఫయెట్ తోడల్లుడు నోయాయ్. అటునుంచి డండాస్, అలెగ్జాండర్ రాస్. జెండాలు ఎగరేసుకుంటూ గౌరవంగా బయటికి వస్తామని బ్రిటిష్ వాళ్ళు అడిగారు. లారెన్స్ కుదరదన్నాడు. 1780 మేలో చార్ల్‌స్టన్‌లో అమెరికన్లు లొంగినప్పుడు బ్రిటిష్ వాళ్ళు ఆ మర్యాద ఇవ్వలేదు, అప్పుడు పట్టుబడ్డవాళ్ళలో లారెన్స్ కూడా ఒకడు. ఏ షరతు పెట్టారో అదే షరతు తిరిగిచ్చారు, జెండాలు చుట్టేసుకునే బయటికి రావాలి.

ఇంకో విచిత్రం. ఆ సమయానికి లారెన్స్ తండ్రి హెన్రీ లారెన్స్ లండన్ టవర్‌లో ఖైదీ. ఆ టవర్‌కి కానిస్టేబుల్ అనే గౌరవ పదవిలో ఉన్నది మరెవరో కాదు, కారన్‌వాలిస్. చివరికి వీళ్ళిద్దర్నీ ఒకరికి బదులు ఒకరుగా విడిపించారు. సినిమాలో రాస్తే మరీ అతిగా ఉందంటారు.

19న కారన్‌వాలిస్ ఒంట్లో బాగోలేదని తన కింది అధికారి ఓహారాని పంపాడు. ఓహారా మొదట రోషాంబో వైపు తిరిగాడు, తోటి రాచరికపు సేనానికి లొంగితే కాస్త పరువు దక్కుతుందని కాబోలు. ఫ్రెంచ్ వాళ్ళు వాషింగ్టన్‌ని చూపించారు. వాషింగ్టన్ తన కింది అధికారి లింకన్‌ని చూపించాడు. చార్ల్‌స్టన్‌లో లొంగిన అమెరికన్ సేనాని ఈ బెంజమిన్ లింకనే. పన్నెండేళ్ళ తర్వాత ఫ్రాన్స్‌లోని టూలాన్ దగ్గర ఇదే ఓహారా మళ్ళీ పట్టుబడ్డాడు, అక్కడ ఎదుటి పక్షం ఫిరంగుల అధికారి నెపోలియన్.

ఆ రోజు బ్రిటిష్ బ్యాండ్ ‘లోకం తలకిందులైంది’ అనే పాట వాయించిందని చాలాచోట్ల చదువుతాం. అక్కడున్నవాళ్ళు అప్పట్లో రాసుకున్న రాతల్లో ఆ మాట లేదు. దశాబ్దాల తర్వాత పుట్టి అతుక్కుపోయిన ముచ్చట అది, కథకి బాగా కుదిరింది కాబట్టి వదలడం లేదు.

ఒప్పందం కాగితం మీద ‘ఆస్తి’ అయినవాళ్ళు

తిరగబడ్డ యజమానుల దగ్గర్నుంచి పారిపోయి వచ్చే బానిసలకి రక్షణ ఇస్తామని 1779లో క్లింటన్ ప్రకటించాడు. దయ కాదు, శత్రువు పొలాల్లో పనివాళ్ళని లాగేయడం ఎత్తుగడ. అయినా బానిసగా ఉన్న మనిషికి ఎత్తుగడా దయా అన్న తేడాతో పనేముంది, వేలమంది వచ్చేశారు. వర్జీనియాలో కారన్‌వాలిస్ సైన్యం వెంట నడిచిన ఈ మనుషులే యార్క్‌టౌన్ చుట్టూ మట్టి కట్టలు పోశారు. తిండి తగ్గి మశూచి ముదిరేసరికి వాళ్ళని కట్టల బయటికి తరిమేశారు. బ్రిటిష్ పక్షాన పోరాడిన జర్మన్ అధికారి యోహాన్ ఎవాల్డ్ ఆ తరమడం గురించి సిగ్గుపడుతూ డైరీలో రాసుకున్నాడు. రెండు సైన్యాల మధ్య అడవిలో ఎంతమంది పోయారో ఎవరూ లెక్క రాయలేదు.

బతికినవాళ్ళ సంగతి లొంగుబాటు ఒప్పందం నాలుగో షరతులో ఉంది. ఈ ప్రాంతపు జనానికి చెందిన ఆస్తి బ్రిటిష్ వాళ్ళ దగ్గర కనిపిస్తే తిరిగి తీసుకోవచ్చు అని. ఆస్తి అంటే గుర్రాలూ మనుషులూ కూడా. వాషింగ్టన్ ఎస్టేటు నుంచి ఆ వసంతంలో ఒక బ్రిటిష్ ఓడ ఎక్కి పారిపోయిన పదిహేడు మందిలో ఇద్దరు యువతులు యార్క్‌టౌన్‌లో దొరికి వెనక్కి చేరారు. బ్రిటిష్ రాజు పక్షానే నిలిచిన తెల్లజాతి అమెరికన్లకి మాత్రం ఒక కిటికీ దొరికింది. బొనెట్టా అనే చిన్న ఓడని సోదా చేయకుండా న్యూయార్క్ పోనిస్తామని ఒప్పుకున్నారు, అందులో ఎవరెవరు ఎక్కారో చూడనట్టు ఊరుకున్నారు.

జేమ్స్ అనే బానిస కథ ఇంకో రకం. యజమాని విలియమ్ ఆర్మిస్టెడ్ అనుమతితో లాఫయెట్ దగ్గర పనికి చేరాడు, పారిపోయిన బానిసలా నటిస్తూ బ్రిటిష్ శిబిరంలో దూరాడు, అక్కడ వాళ్ళు ఇతన్నే తమ గూఢచారిగా పెట్టుకున్నారు. రెండువైపులా తిరుగుతూ నిజమైన కబుర్లు మాత్రం లాఫయెట్‌కే చేరవేశాడు. 1783లో సైన్యంలో పనిచేసిన బానిసలకి విముక్తినిస్తూ వర్జీనియా చట్టం చేసింది, అయితే అది తుపాకీ పట్టిన సైనికులకి. గూఢచారి ఆ లెక్కలోకి రాడు. లాఫయెట్ స్వయంగా సర్టిఫికెట్ రాసిచ్చినా విముక్తి దొరికేసరికి 1787 అయింది. ఆ తర్వాత అతను తన పేరు చివర లాఫయెట్ అని చేర్చుకున్నాడు.

గెలిచిన పక్షం జాతకాలు

జాన్ లారెన్స్ నల్లజాతి వాళ్ళకి విముక్తినిచ్చి సైన్యం కట్టాలని పదేపదే వాదించినవాడు. 1782 ఆగస్టులో, యుద్ధం దాదాపు అయిపోయాక, సౌత్ కరోలినాలో ఒక చిన్న కొట్లాటలో చనిపోయాడు. ద గ్రాస్ ఆరు నెలలు తిరిగేసరికి 1782 ఏప్రిల్‌లో వెస్టిండీస్‌లో బ్రిటిష్ వాళ్ళ చేతికి చిక్కాడు. హామిల్టన్ కొత్త దేశానికి మొదటి ఖజానా మంత్రి అయ్యాడు, 1804లో ఆరన్ బర్‌తో ద్వంద్వ పోరులో పోయాడు.

ఫ్రెంచ్ రాజ్యానికి ఈ గెలుపు ఇంకా ఖరీదైంది. యుద్ధం మొత్తానికి సుమారు వంద కోట్ల లివ్రలు (అప్పటి ఫ్రెంచ్ డబ్బు), ఎక్కువభాగం అప్పు. 1788కల్లా రాజ్యం ఆదాయంలో దాదాపు సగం అప్పులకే పోతోంది, పన్నులు పెంచాలంటే ప్రతినిధుల సభ పిలవక తప్పలేదు, 1789 ఫ్రెంచ్ విప్లవం అలా మొదలైంది. ఈ అప్పు ఒక్కటే విప్లవానికి కారణమంటే తప్పు, పాత పన్నుల పద్ధతి, పంటలు పోవడం కూడా ఉన్నాయి. కానీ గడువుని ముందుకు జరిపింది మాత్రం ఈ అప్పే. మూర్ ఇంట్లో కూర్చున్న నోయాయ్, 1789 ఆగస్టు 4 రాత్రి ప్రభువుల హక్కులు రద్దు చేద్దామని సభలో లేచినవాడు. లాఫయెట్ ఐదేళ్ళు విదేశీ జైళ్ళలో మగ్గాడు. యార్క్‌టౌన్‌లో ఉన్న కస్టీన్, లోజాన్ ఇద్దరూ 1793లో తల నరికే యంత్రం గిలటిన్ ఎక్కారు. రోషాంబో జైలు దాకా వెళ్ళి తల దక్కించుకున్నాడు. ఆయన కొడుకు కూడా యార్క్‌టౌన్‌లో పనిచేశాడు, 1803లో హైతీలో విముక్తి కోసం పోరాడిన నల్లజాతి సైన్యం చేతిలో ఓడి లొంగిపోయిన ఫ్రెంచ్ సేనాని అతనే.

అదే యుద్ధం, కడలూరు దగ్గర

అమెరికా యుద్ధం మనకి దూరం కాదు. ఫ్రాన్స్ అమెరికా పక్షాన దిగగానే ఈస్టిండియా కంపెనీ వాళ్ళు 1779లో ఫ్రెంచ్ వాళ్ళ మాహే రేవు పట్టుకున్నారు, అది తన రక్షణలో ఉందని మైసూరు పాలకుడు హైదర్ అలీ మండిపడ్డాడు, 1780లో ఆర్కాటు నవాబు ఏలే కర్ణాటిక్ ప్రాంతం మీద విరుచుకుపడ్డాడు. యార్క్‌టౌన్ చుట్టూ కందకాలు తవ్వుతున్న నెలల్లో కంపెనీ సైన్యం ఇక్కడ హైదర్‌తో తలపడుతూనే ఉంది. ఈ పేరు అమెరికాకీ చేరింది, పెన్సిల్వేనియా వాళ్ళు 1782లో ఒక యుద్ధనౌకకి హైదర్ అలీ అనే పెట్టుకున్నారు, అది ఆ ఏప్రిల్‌లోనే ఒక బ్రిటిష్ ఓడని పట్టుకుంది. ఆ డిసెంబర్‌లో హైదర్ చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేటలో చనిపోయాడు.

1783 జూన్‌లో కంపెనీ సైన్యం కడలూరుని ముట్టడించినప్పుడు లోపలున్న ఫ్రెంచ్ సేనాని బుస్సీ. తెలుగువాళ్ళకి కొత్తగా పరిచయం చేయక్కర్లేదు, 1757లో బొబ్బిలి కోట మీదకి ఫిరంగులతో వచ్చిన బుస్సీయే, ఇప్పుడు ముసలివాడు. యూరప్‌లో సంధి కుదిరిందన్న కబురు ఆ నెలాఖరుకి అందాకే అక్కడ కాల్పులు ఆగాయి. అమెరికా స్వాతంత్ర్యం కోసం మొదలైన యుద్ధంలో చివరి పోరాటాల్లో ఒకటి కోరమండల్ తీరంలో జరిగింది.

కారన్‌వాలిస్ ఎందుకు మునిగిపోలేదు

ఇంత పెద్ద ఓటమి తర్వాత ఎవరైనా ఇంటికెళ్ళి కూర్చోవాలి. ఆయన మీద నింద నిలవలేదు. సముద్రం చేజార్చుకుంది నౌకాదళం, రేవులో కూర్చోమన్నది క్లింటన్, సాయం వస్తుందన్నదీ క్లింటనే. పైగా రాజుకి ఇష్టుడు, డబ్బు విషయంలో చేతులు శుభ్రమని పేరు. అప్పటికి కంపెనీ ఉద్యోగులు ఇండియాలో తిన్న లంచాల కథలు లండన్‌లో కంపు కొడుతున్నాయి, ప్రధాని పిట్ ప్రభుత్వానికి వ్యాపారి కాని ఒక పెద్దమనిషి కావాలి. ఆయన వెంటనే సరేననలేదు. సైన్యం, పాలన రెండూ ఒకే చేతిలో ఉండాలి, కౌన్సిల్ కాదన్నా తన మాట చెల్లాలి అన్నాడు. 1786లో చట్టం మార్చి ఆ అధికారం ఇచ్చాకే ఓడెక్కాడు. పైనొకరు కిందొకరు, మధ్యలో ఆలస్యమయ్యే ఉత్తరాలు: వర్జీనియాలో తనని ముంచిన ఏర్పాటు ఇదే. మళ్ళీ దాంట్లో ఇరుక్కోకూడదన్న జాగ్రత్త ఆ షరతులో కనిపిస్తుంది.

రెండో ముట్టడి, కడప వాటా

1791 మేలో టిప్పు సుల్తాన్ రాజధాని శ్రీరంగపట్నం దాకా వెళ్ళి కారన్‌వాలిస్ వెనక్కి తిరిగాడు. వానలు, ఎద్దులు చచ్చిపోయాయి, తిండి లేదు, లాగేవి లేక ముట్టడి ఫిరంగుల్ని తనే పగలగొట్టించాడు. కానీ ఈసారి ఒక ఉత్తరాన్ని నమ్ముకుని కూర్చోలేదు. దారిలోని కొండకోటలు నందిదుర్గం, సావనదుర్గం ఒక్కొక్కటే తీసుకున్నాడు, బంజారాల ఎద్దుల బిడారులతో ధాన్యం పోగుచేశాడు, నిజాం, మరాఠా సైన్యాలు, పడమటి వైపు నుంచి బొంబాయి సైన్యం కలిసేలా చూసుకుని 1792 ఫిబ్రవరిలో మళ్ళీ వచ్చాడు. ఆ బొంబాయి సైన్యాన్ని నడిపించింది యార్క్‌టౌన్ కట్టల మీంచి దూకిన ఆబర్‌క్రాంబీ. మూర్ ఇంట్లో షరతులు రాసిన అలెగ్జాండర్ రాస్ కూడా ఆయనతో ఇండియాకి వచ్చినవాడే. యార్క్‌టౌన్‌లో చుట్టూ నీళ్ళున్న మూలలో ఇరుక్కున్నవాళ్ళు ఇక్కడ కావేరి మధ్య ద్వీపంలో ఇంకొకర్ని ఇరికించారు.

1792 మార్చి 18 సంధితో టిప్పు సగం రాజ్యం, మూడు కోట్ల ముప్పై లక్షల రూపాయలు ఒప్పుకున్నాడు, ఇద్దరు కొడుకుల్ని బందీలుగా పంపాడు. ఆ సగం రాజ్యం పంపకంలో కడప ప్రాంతం నిజాం వాటాకి వచ్చింది. 1799లో టిప్పు చనిపోయాక నిజాంకి ఇంకొంత కలిసింది. తన దగ్గర ఉంచుకున్న కంపెనీ సైన్యం ఖర్చు కింద 1800లో నిజాం వాటన్నింటినీ కంపెనీకి ఇచ్చేశాడు. దత్త మండలాలు అన్న మాట అక్కడిది. వాటికి మొదటి ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో కూడా కారన్‌వాలిస్ మైసూరు యుద్ధంలో పనిచేసిన అధికారే, కాకపోతే భూమి విషయంలో ఆయన దారి వేరు, నేరుగా రైతుతోనే లెక్క.

శిస్తు కదలదు, రైతు కదలాలి

కారన్‌వాలిస్ దారి జమీందారీ. 1793లో బెంగాల్, బీహార్ ప్రాంతాల్లో జమీందారు కట్టాల్సిన మొత్తం శాశ్వతంగా ఖరారు చేశాడు. అమెరికా పోయిన కసితో ఇండియాని దోచారనో, యార్క్‌టౌన్ వల్లే జమీందారీ పుట్టిందనో అనేస్తుంటారు, అది అతి. శాశ్వత శిస్తు ఆలోచన ఆయన రాకముందే కంపెనీలో నలుగుతోంది, ఉత్తర సర్కారులు 1766లోనే కంపెనీకి దఖలు పడ్డాయి. ఆయన చేసింది ఆ ఆలోచనకి తన పలుకుబడి జోడించి దాన్ని మార్చడానికి వీల్లేకుండా బిగించడం. ఓడిపోయి ఇంట్లో కూర్చుని ఉంటే ఇంకెవరో ఇంకో రకంగా చేసేవారేమో.

మద్రాసు ప్రభుత్వం ఇదే పద్ధతిని 1802 రెగ్యులేషన్ల ద్వారా ఉత్తర సర్కారులకి తెచ్చింది. పాత జమీందార్లకి సనదులు, అంటే హక్కు పత్రాలు, ఇచ్చారు, సర్కారు చేతిలో ఉన్న హవేలీ భూముల్ని ముక్కలు చేసి వేలంలో అమ్మారు. జమీందారు సర్కారుకి కట్టే పేష్కషు ఇంత అని రాసేశారు, వాన పడినా పడకపోయినా. బకాయి పడితే జమీందారీ వేలానికి. జమీందారు సర్కారుకి కట్టేది కదలదు గానీ రైతు జమీందారుకి కట్టే దానికి అలాంటి గట్టి హద్దు లేదు, ఒత్తిడంతా కిందికే జారింది. రైతుకి భూమి మీద కాస్త గట్టి హక్కు రావడానికి 1908 ఎస్టేట్ల భూమి చట్టం దాకా ఆగాల్సొచ్చింది. 1937లో ప్రకాశం పంతులు అధ్యక్షతన వేసిన కమిటీ జమీందారీ జిల్లాలు తిరిగి వినింది ఈ పద్ధతి మిగిల్చిన గోడే. 1948 చట్టంతో జమీందారీలు రద్దయ్యాయి.

యార్క్‌టౌన్‌లో స్మారక స్తంభం కట్టాలని అమెరికన్ కాంగ్రెస్ 1781 అక్టోబర్ 29నే తీర్మానం చేసింది, పునాది రాయి పడింది 1881లో. కారన్‌వాలిస్‌కి అంత ఆలస్యం కాలేదు. 1805లో రెండోసారి గవర్నర్ జనరల్‌గా వచ్చి అక్టోబర్‌లో గాజీపూర్‌లో చనిపోతే అక్కడే పెద్ద సమాధి కట్టారు. అంతకుముందే మద్రాసులో పెట్టిన ఆయన పాలరాతి విగ్రహం ఇప్పుడు సెయింట్ జార్జ్ కోట మ్యూజియంలో ఉంది. దాని పీఠం మీద చెక్కిన బొమ్మలో ఆయన టిప్పు కొడుకుల్ని అందుకుంటున్నాడు.